కోట్లు పలికిన కూత



2023 అక్టోబరులో ముంబైలో ప్రో కబడ్డీ లీగ్ పదో సీజన్‌కు ఆటగాళ్ల వేలంపాట జరిగింది. ఆ పాటలో పవన్ సెహ్రావత్ అనే ఢిల్లీ కుర్రాణ్ణి మన తెలుగు టైటాన్స్ వాళ్లు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు దక్కించుకున్నారు. అప్పటిదాకా ఆ లీగులో ఏ ఆటగాడూ అంత ధర పలకలేదు. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది రెండంటే రెండు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

పోనీ పవన్ సరిగా ఆడలేదా అంటే, ఆడాడు. కూతకెళ్లి 200 పైచిలుకు పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు మునిగింది. ఎందుకు మునిగింది, ఆ తర్వాత ఎవరిని వదులుకుంటే తేలింది, అందులో మన ఉదయగిరి, ఆత్మకూరు కుర్రాళ్లకు పనికొచ్చేది ఏమన్నా ఉందా, ఈ పూట ఈ సంగతి మాట్లాడుకుందాం. ఆత్మకూరంటే నెల్లూరు జిల్లా ఆత్మకూరు. నంద్యాల వైపు శ్రోతలు ఏమీ అనుకోవద్దు. జట్లు మారడం మన నియోజకవర్గాలకు కొత్త విద్యా ఏంటి అని కొందరు ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారు. ఆకాశవాణి మైకు ముందు కూర్చున్నాను గనక నేను ఆటల జట్ల దగ్గరే ఆగుతాను.

ముందు ఆ వేలం ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. ప్రతి జట్టుకూ ఖర్చుకు ఒక హద్దుంది, 5 కోట్లు. దాన్ని పర్సు అంటారు. మనవాళ్ల దగ్గర వంద కోట్లున్నా సరే, ఆ పర్సు దాటి ఖర్చు పెట్టడానికి లేదు. అందులోనే కనీసం పద్దెనిమిది మందిని కూర్చుకోవాలి. పోయిన సీజన్ నుంచి అట్టిపెట్టుకున్నవాళ్ల జీతం కూడా ఆ 5 కోట్లలోంచే పోతుంది. వేలానికి వచ్చేవాళ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా విడగొడతారు. ఏ తరగతి వాడి పాట 30 లక్షల దగ్గర మొదలవుతుంది, డీ తరగతి వాడిది 9 లక్షల దగ్గర. ఒకవేళ మనం వదిలేసిన ఆటగాణ్ణి ఇంకో జట్టు పాడుకుంటే, అదే ధర మేమిస్తాం, మావాణ్ణి మాకివ్వండి అని అడిగే హక్కు ఒకటుంది. దానిపేరు ఫైనల్ బిడ్ మ్యాచ్. ఎన్నిసార్లంటే అన్నిసార్లు వాడుకోవడానికి కుదరదు.

మన దిక్కు ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడా రెండుపళ్ల విభాగం, నాలుగుపళ్ల విభాగం, ఆరుపళ్ల విభాగం, ఆపైన సీనియర్లు. నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టందే ఏ విభాగమో తేలదు. ఒక గిత్తకు లక్షలు పోసి తెచ్చి, దాని పక్కన కాడికి ఏదో ఒకదాన్ని కట్టారనుకోండి. బండ ఎటు పోతుందో రైతుకు తెలుసు. నేరుగా పోదు, ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది.

2023లో టైటాన్స్‌కు జరిగింది సరిగ్గా అదే. 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షలు ఒక్కడికే పోతే మిగిలింది 2 కోట్ల 40 లక్షల లోపు. దాన్ని కనీసం పదిహేడు మందికి సర్దాలి. సగటున తలకు 14 లక్షలు. కబడ్డీలో ఒక్కడు కూతకెళ్తాడు, నిజమే. కానీ ఎదుటివాడు కూతకొచ్చినప్పుడు ఏడుగురు నిలబడి పట్టాలి. కార్నర్లలో ఇద్దరు, కవర్లలో ఇద్దరు, వీళ్లు గట్టిగా లేకపోతే పవన్ తెచ్చిన పాయింట్లు తెచ్చినట్టే పోతాయి. టైటాన్స్ ఆ ఏడు ఎన్ని పాయింట్లు తెచ్చుకుందో, అంతకన్నా ఎక్కువ ఇచ్చుకుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ పాఠం అంతకు ముందు ఏడాదే పక్క రాష్ట్రం జట్టు చెప్పి ఉంది. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతిన్నది. ఆ సీజన్ మొత్తం మళ్లీ కోర్టులో దిగలేదు. తలైవాస్ పని అయిపోయిందన్నారు అందరూ. అప్పుడు నరేందర్ అనే కొత్త కుర్రాడు కూత అందుకున్నాడు. వేలంలో పేరు కూడా వినపడనివాడు. ఆ సీజన్‌లో అతనొక్కడే 240కి పైగా పాయింట్లు తెచ్చాడు, తలైవాస్ సెమీఫైనల్ దాకా పోయింది. రెండు కోట్లవాడు బెంచీ మీద కూర్చుంటే జట్టు నిలబడింది. మరుసటి ఏడు మనవాళ్లు ఆ బెంచీ మీదవాణ్ణే అంతకన్నా ఎక్కువ పోసి తెచ్చుకున్నారు. అభిమానిగా నాకు ఆ రోజు సంతోషమే వేసింది. లెక్క చూసుకున్నాక వేయలేదు.

తెలుగు టైటాన్స్ 2014లో లీగు పుట్టినప్పటి నుంచీ ఉన్న జట్టు. మొదటి సీజన్ వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన ఆటగాడు రాకేశ్ కుమార్, పట్నా పైరేట్స్ ఇచ్చింది 12 లక్షల 80 వేలు. తొమ్మిదేళ్లలో ఆ పైధర ఇరవై రెట్లయింది. మన జట్టుకు ఆ మొదటి ఏడు దొరికిన వరం రాహుల్ చౌదరి, ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్ జిల్లా కుర్రాడు. ఆరు సీజన్లు వరసగా టైటాన్స్‌కే ఆడాడు. 2018లో అతన్ని వేరేవాళ్లు 1 కోటి 29 లక్షలకు పాడితే, ఆ ధరకే ఫైనల్ బిడ్ మ్యాచ్ వాడి అట్టిపెట్టుకున్నారు. మరుసటి ఏడు వదిలేశారు. అతను 94 లక్షలకు చెన్నై బండెక్కాడు, ఇక్కడ 1 కోటి 45 లక్షలకు కొల్హాపూర్ వైపు నుంచి సిద్ధార్థ్ దేశాయ్ దిగాడు.

రాహుల్ పోయినప్పుడు మా ఊళ్లలో కుర్రాళ్లు సొంత అన్న ఇల్లు విడిచిపోయినట్టు బాధపడ్డారు. బిజ్నోర్ ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలీదు. తెలియాల్సిన పని కూడా లేదు. తెలుగు అని రాసిన చొక్కా వేసుకుని తొడగొట్టాడు, అంతే, మనవాడైపోయాడు. బయటివాణ్ణి మనవాణ్ణి చేసుకోవడంలో మనకు సాటి లేదు. ఆటగాణ్ణి కొనేవాళ్లు మాత్రం ఆ ప్రేమను లెక్కలోకి తీసుకోరు, తీసుకుంటే జట్టు నడవదు కూడా.

దేశాయ్ కథ ఇంకా కష్టం. 2021లో అతన్ని 1 కోటి 30 లక్షలకు మళ్లీ నిలుపుకున్నారు. కోవిడ్ కాలం కదా, ఆ సీజన్ అంతా బెంగళూరులో ఒక్కచోటే ప్రేక్షకులు లేకుండా ఆడించారు. సీజన్ మొదట్లోనే అతనికి గాయమైంది. టైటాన్స్ 22 ఆడి ఒకటి గెలిచింది. మరుసటి సీజన్ 22 ఆడి రెండు. పవన్ వచ్చిన సీజన్ మళ్లీ రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లకు అయిదు గెలుపులు. ఇంతటి కరువు ఆ లీగులో ఏ జట్టూ చూడలేదేమో.

మార్పు 2024లో మొదలైంది. పవన్‌ను ఈసారి 1 కోటి 72 లక్షల 50 వేలకే నిలుపుకున్నారు. అంటే ముందటి ఏటి కన్నా దాదాపు 90 లక్షలు మిగిలాయి. ఆ డబ్బు మిగతావాళ్ల మీద పడింది. కృష్ణ కుమార్ హుడా అనే అనుభవమున్న కోచ్ వచ్చాడు. మధ్యలో పవన్ గాయపడితే విజయ్ మలిక్ జట్టును లాక్కొచ్చాడు. ఏడో స్థానం. ప్లేఆఫ్స్ అందలేదు కానీ, అట్టడుగు నుంచి ఏడుకు రావడం చిన్న సంగతి కాదు.

2025 వేలం ముంబైలో మే 31న మొదలైంది. అప్పటికి పవన్‌ను వదిలేశారు. పాట పైకి పోతుందనుకుంటే 59 లక్షల 50 వేల దగ్గరే ఆగింది, తమిళ్ తలైవాస్ తీసుకుంది. రెండేళ్ల కిందట రెండున్నర కోట్లు దాటినవాడు! ఆటగాడి ధర అతని కండల్లో ఉండదు, ఆ పూట బల్లల ముందు కూర్చున్నవాళ్ల పర్సుల్లో ఉంటుంది. మనవాళ్లు విజయ్ మలిక్‌ను 50 లక్షల పైచిలుకుకు నిలుపుకుని కెప్టెన్‌ను చేశారు. 81 లక్షలు పెట్టి భరత్ హుడాను తెచ్చారు. ఈ భరత్ 2021లో బెంగళూరు బుల్స్‌లో కొత్త కుర్రాడిగా చేరినప్పుడు ఆ జట్టు కెప్టెన్ ఎవరనుకున్నారు? పవన్ సెహ్రావత్తే. అతని వెనకాల రెండో రైడర్‌గా నిలబడి కూత నేర్చుకున్నవాడు ఈ భరత్. గురువును వదిలి శిష్యుణ్ణి పట్టారన్నమాట, అదీ 2023లో గురువుకు పోసిన దాంట్లో మూడో వంతు ధరకు. పైగా భరత్ కూతకూ పోతాడు, పట్టుకూ నిలుస్తాడు.

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ మన టైటాన్స్‌కూ పవన్ కొత్తగా చేరిన తలైవాస్‌కూ. మనవాళ్లు ఓడారు. అయిపోయిందిరా, మళ్లీ పాత కథే అని అందరం అనుకున్నాం. కాలేదు. ఆ సీజన్‌లో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద, పుణేరీ పల్టన్ చేతిలో ఆగింది. కోటి దాటిన వాడు ఒక్కడూ లేని జట్టు అంతదాకా పోయింది.

డబ్బు పోసి పేరున్నవాళ్లను తెచ్చి మునగడం కబడ్డీకే పట్టిన జబ్బు అనుకోకండి. ఇంగ్లండులో రగ్బీ అని ఒక ఆటుంది, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడతారు. అక్కడి క్లబ్బులకూ జీతాలకు ఒక హద్దుంది. సారసెన్స్ అనే మేటి క్లబ్బు ఆ హద్దు దాటి ఆటగాళ్లను పోగేసిందని తేలి, భారీ జరిమానా పడి, 2020లో కింది డివిజన్‌కు దిగిపోయింది. హద్దు దాటనివాళ్లు బాగుపడ్డారా అంటే అదీ లేదు. ఆదాయానికి మించిన ఖర్చుల బరువుకు వోర్సెస్టర్, వాస్ప్స్ అనే రెండు పాత క్లబ్బులు 2022లో చేతులెత్తేశాయి. 2023లో లండన్ ఐరిష్ వాటి వెంట పోయింది. టికెట్టు కొని చూసే జనం ఉన్న దేశంలో పరిస్థితి ఇది.

ఆ రగ్బీ మన దాకా కూడా వచ్చింది. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ అది, న్యూజిలాండ్ మాజీ కెప్టెన్ డీజే ఫోర్బ్స్ మనకు కోచ్. కప్పు చెన్నై బుల్స్ కొట్టుకుపోయింది. నాకు నచ్చింది జట్టు కూర్పు. పదమూడు మందిలో అయిదుగురు ప్రపంచస్థాయి విదేశీయులు, కెనడా, జర్మనీ, హాంకాంగ్ లాంటి చోట్ల నుంచి ముగ్గురు, మిగిలిన అయిదుగురు మన దేశం కుర్రాళ్లు. మనవాళ్ల సంఖ్య నియమంలోనే ఉంది, ఎవరి దయా అక్కర్లేదు. ఒలింపిక్స్ ఆడినవాడి పక్కన నిలబడి పాస్ అందుకున్న కుర్రాడు వట్టి చేతులతో ఇంటికి రాడు.

బయటివాడి పక్కన నిలబడి నేర్చుకునే ఈ ఆలోచన ఉదయగిరి దుర్గం వాళ్లకు మరీ కొత్తదేం కాదు. ఉదయగిరి విజయనగర రాజ్యంలో ఒక సీమకు కేంద్రంగా ఉన్న రోజుల్లో, పదిహేనో శతాబ్దంలో, రెండో దేవరాయలు ఒక సభ తీర్చాడట. బహమనీల చేతిలో మనమెందుకు ఓడుతున్నాం అని అడిగాడు. వాళ్ల గుర్రాలు, వాళ్ల విలుకాళ్లు అని జవాబొచ్చింది. దాంతో ముస్లిం విలుకాళ్లను కొలువులో పెట్టుకున్నాడు, జాగీర్లిచ్చాడు, రాజధానిలో మసీదు కట్టించాడు. ఊరికే జీతమివ్వలేదు, మావాళ్లకు విలువిద్య నేర్పండి అని షరతు పెట్టాడు. రెండు వేల మంది వస్తే, వాళ్ల దగ్గర నేర్చినవాళ్లు అరవై వేలయ్యారని ఫెరిస్తా రాశాడు. చరిత్రకారుడి అంకెల్లో కొంత ఉప్పూ కారం ఉంటుంది, అది తీసేసినా అసలు విషయం మిగులుతుంది. బయటివాణ్ణి తెచ్చుకున్నది యుద్ధం చేసిపెట్టడానికి మాత్రమే కాదు, నేర్పిపోవడానికి. కృష్ణదేవరాయలు 1514లో ఈ దుర్గం గెలిచాక ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఉదయగిరి నుంచి పెద్ద జట్టుకు పోయినవాళ్లలో ఇప్పటికీ ఆ బాలకృష్ణుడే పెద్దవాడు, ఆ తర్వాత చెప్పుకోదగ్గ పేరు నాకు తట్టడం లేదు.

ఇక మన ఊళ్ల పోటీల సంగతి. సంక్రాంతికో తిరణాలకో కబడ్డీ పెడతారు. ఎర్రమట్టి జల్లెడ పట్టి, నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసి, నాలుగు మూలలా గుంజలు పాతి లైట్లు కడతారు. మొదటి బహుమతి దాతగారి పేరు మైకులో గంటకు పదిసార్లు వినపడుతుంది. ఈ మధ్య ఊరి జట్టని పేరే గానీ, కమిటీవాళ్లు చందాల డబ్బుతో బయటి నుంచి ఆటగాళ్లను రోజుకింత అని మాట్లాడి తెస్తున్నారు. ఆధార్ కార్డు చూపించాలని షరతు పెట్టే ఊళ్లున్నాయి. ఆ షరతుకు అడ్డదారి కనిపెట్టే ఊళ్లూ ఉన్నాయి.

అలాంటి ఒక ఆట చూశాను, ఊరి పేరెందుకులెండి. రైట్ కార్నర్‌లో ఆ ఊరి కుర్రాడు, వాడి పక్కన కవర్‌లో ఎక్కడి నుంచో తెచ్చిన ఆటగాడు, మంచి కండబలం. ఎదుటి రైడర్ బోనస్ గీత మీద కాలు చాపాడు. కుర్రాడు కళ్లు మూసి తెరిచేలోగా కిందికి దూకి చీలమండ పట్టేశాడు. పట్టంటే అదీ పట్టు. ఆ క్షణంలో కవర్‌వాడు వచ్చి నడుం మీద పడాలి. పడలేదు. ఈ కుర్రాడు ఎప్పుడు దూకుతాడో అతనికి తెలీదు, ఇద్దరూ కలిసి ఆడటం ఆ రాత్రే మొదలు. రైడర్ కాలు విదిలించుకుని మధ్యగీత తాకేశాడు. కుర్రాడు మోచేతులకు మట్టి దులుపుకుంటూ బయటికి పోయాడు, కమిటీవాళ్లు వాణ్ణే తిట్టారు. కోట్ల వేలంలో జరిగే పొరపాటు ఎలా ఉంటుందో చూడ్డానికి ముంబై దాకా పోనక్కర్లేదు.

బయటివాళ్లను తేవొద్దని నేననడం లేదు. ఒక మంచి ఆటగాడు వస్తే ఊరంతా ఆట నేర్చుకుంటుంది. కానీ ఆ రాత్రి వచ్చి, కప్పు, డబ్బు తీసుకుని, తెల్లారేసరికి బస్సెక్కేవాడు మనకేం నేర్పుతాడు?

పెద్ద జట్లకు ఆటగాళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నారో చూడండి. ఢిల్లీ పొలిమేరల్లో నిజాంపుర్ అని ఒక ఊరుంది. ఇందాక చెప్పిన రాకేశ్ కుమార్‌ది ఆ ఊరే, మంజీత్ ఛిల్లర్‌దీ ఆ ఊరే. ఇద్దరూ దేశానికి ఆడినవాళ్లు. అక్కడ పెద్దాటగాడు సెలవులకు ఇంటికొస్తే చిన్నవాళ్లతో కోర్టులో దిగుతాడు. హర్యానాలో అలాంటి పల్లెలు చాలా ఉన్నాయి. తెలుగు టైటాన్స్ జట్టులో తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అన్ని సీజన్లలోనూ అంతే. దానికి టైటాన్స్‌ను ఆడిపోసుకుని లాభం లేదు. వేలం జాబితాలో పేరుంటే కదా పాడేది!

ఆ జాబితాలోకి పోవాలంటే దారి చాలా మామూలుది. బడిలో అండర్ 14, అండర్ 17 పోటీలు, మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన జాతీయ స్థాయి. అక్కడ మెరిస్తే ఫ్రాంచైజీలు కొత్త యువ ఆటగాళ్ల కోటాలో వేలంతో పని లేకుండానే తీసుకుంటాయి. భరత్, నరేందర్ ఇద్దరూ ఆ తలుపులోంచి వచ్చినవాళ్లే. 2022 నుంచి యువ కబడ్డీ సిరీస్ కూడా జరుగుతోంది, అక్కడికీ పరిశీలకులు వస్తారు. మన మెట్ట మండలాల పిల్లలకు ఒంట్లో సత్తువ లేక కాదు. మట్టిలో ఆడి ఆడి, ఒక్కసారిగా జిల్లా ఎంపికల్లో మ్యాట్ మీద బూట్లతో దిగేసరికి కాలు నిలవదు. మట్టిలో పాదం జారుతుంది, మ్యాట్ మీద పట్టేస్తుంది. తిరిగే చోట మోకాలు మెలిపడుతుంది. ఆ అలవాటు లేకే చాలామంది మొదటి రోజే వెనక్కి వస్తారు. ఇంటర్ అయ్యాక బెంగళూరుకో హైదరాబాదుకో పనికి పోతారు, ఆట అక్కడితో సరి.

అందుకని పోటీలు పెట్టే కమిటీ పెద్దలకు నాదొక మనవి. వచ్చే సంక్రాంతికి ఏడుగురిలో అయిదుగురు ఆ ఊరివాళ్లే ఉండాలని కరపత్రంలోనే అచ్చు వేయించండి. బయటి నుంచి ఇద్దర్ని తెచ్చుకోండి, ఒక్క రాత్రికి కాకుండా వారం ముందు రమ్మనండి, సాయంత్రాలు హైస్కూలు పిల్లలతో ఆడించండి, ఆ వారానికీ కూలి కట్టివ్వండి. మొదటి బహుమతిలో కొంత తగ్గించి, నాలుగైదు ఊళ్లు కలిసి ఒక మ్యాట్ కొనండి, పాతదైనా ఫరవాలేదు. మగవాళ్లు ఆడే మ్యాట్ 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంత జాగా లేని హైస్కూలు ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ ఉందని నేననుకోను.